ఏడు మిరపకాయలు, ఒక జెన్యూన్ నిమ్మకాయ

నాగభూషణం కారు గేర్‌బాక్స్ చెడిపోవడంలో నిమ్మకాయ పాత్ర లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత నాగభూషణానిదేనని కంపెనీ లిఖితపూర్వకంగా తేల్చి చెప్పింది.

ఆ ఉత్తరం అందేసరికి పెళ్ళికి ముప్ఫై రోజుల టైముంది.

పెళ్ళి ఆయనది కాదు. ఆయనకు యాభై రెండేళ్ళు. తెనాలిలో 'సామ్రాజ్యం టెంట్ హౌస్' యజమాని. సామ్రాజ్యం ఆయన భార్య. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఏ పెళ్ళి జరిగినా షామియానాలు, కుర్చీలు, గుండిగలు, జంపఖానాలు ఆయనవే. కట్టుకున్నవాళ్ళ పేర్లు అతిథులు మర్చిపోయినా, కుర్చీ వెనక ఎర్ర రంగుతో రాసిన సామ్రాజ్యం పేరు మాత్రం అందరికీ గుర్తే.

చిక్కంతా అక్కడే వచ్చింది. పాతికేళ్ళుగా సామ్రాజ్యం ప్రతి పెళ్ళికీ ట్రాలీ ఆటోలో, జంపఖానాల చుట్టల మీద కూర్చుని వెళ్ళింది. చుట్టాల పెళ్ళిళ్ళకీ అంతే. పట్టుచీర కట్టుకుని దిగగానే గుమ్మంలో ఎదురొచ్చినవాళ్ళు "రామ్మా, బాగున్నావా" అనరు. "కుర్చీలు దించారా?" అంటారు. సొంత చెల్లెలి పెళ్ళిలో తలంబ్రాలు పోస్తున్నప్పుడు ఆమె వంటశాల వెనక గరిటెలు లెక్కపెడుతోంది. పోయిన సామాను విషయంలో ఆమె జ్ఞాపకశక్తి చాలా గట్టిది. మూడేళ్ళ కిందట బాపట్లలో మాయమైన అల్యూమినియం నిచ్చెన గురించి ఇప్పటికీ నెలకోసారి తలుచుకుంటుంది.

"ఒక్క పెళ్ళికండీ," అందామె ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "ఒక్క పెళ్ళికి మనిషిలాగా కారు దిగాలని ఉంది నాకు. బాపట్లలో మా అన్నయ్య కూతురి పెళ్ళికి కుర్చీలు మనం ఇవ్వొద్దు. ఇంకెవర్నన్నా పెట్టుకోమని చెప్పా."

పాతికేళ్ళలో ఆమె అడిగింది అదొక్కటే. అందుకే నాగభూషణం బెజవాడ వెళ్ళి వాల్డెన్‌బర్గ్ కారు కొన్నాడు.

వాల్డెన్‌బర్గ్ అంటే విదేశీ కారు. కొత్తది కొనాలంటే టెంట్ హౌస్‌తోపాటు ఊళ్ళో సగం కల్యాణ మండపాలు అమ్మాలి. ఇది ఏడేళ్ళ పాతది. కంపెనీ వాళ్ళే వెనక్కి తీసుకుని, నూటఎనభై రకాల పరీక్షలు చేసి, 'పునర్జన్మ ప్రీమియం' అనే పథకం కింద ఏడాది వారంటీతో అమ్ముతున్నారు. ఆషాఢం కావడంతో బండ్లు కొనేవాళ్ళు లేక, కొన్నవాళ్ళకు కాఫీ మెషిన్ ఉచితమన్నారు. వారంటీ పుస్తకం తొంభై ఆరు పేజీలు. నాగభూషణం అట్ట చూసి సంతకం పెట్టాడు.

రెండు వారాలు కారు మహారాజులా నడిచింది. మూడో శనివారం, బెజవాడ పోతుండగా దుగ్గిరాల దగ్గర ఒళ్ళు విదిలించింది. రెండో గేరులో బిగుసుకుని, గట్టిగా మూలిగి ఆగిపోయింది. ఇంజిన్ తిరుగుతోంది, ఏసీ చల్లగా వస్తోంది, పాటలు వినబడుతున్నాయి. కారు మాత్రం కదలదు.

"మన ట్రాలీ ఆటో కూడా ఇట్టా దగ్గదండీ," అంది సామ్రాజ్యం.

"వారంటీ ఉందిలే," అన్నాడు నాగభూషణం.

ఫోన్ చేసిన నలభై నిమిషాల్లో కంపెనీ లారీ వచ్చింది. చదునైన పెద్ద బల్ల వంచి, కారును గాజుబొమ్మలా పైకి ఎక్కించి, తాళ్ళు బిగించి, బెజవాడ సర్వీస్ సెంటర్లో దించి వెళ్ళింది. నాగభూషణం మురిసిపోయాడు. ఆ కంపెనీలో పని జరిగే విభాగం అదొక్కటేనని అప్పటికి ఆయనకు తెలియదు.

* * *

సర్వీస్ అడ్వైజర్ పేరు ప్రణవ్. పాతికేళ్ళుంటాయి. మెడలో టై, చేతిలో ట్యాబ్లెట్. కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి అరవై నాలుగు ఫొటోలు తీశాడు. చివరి ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"సార్, ముందు బంపర్ కింద ఒక కాంపొనెంట్ కనబడుతోంది."

"ఏందది?"

ప్రణవ్ ట్యాబ్లెట్ తిప్పి చూపించాడు. నల్లదారానికి ఒక నిమ్మకాయ, దాని కింద ఏడు పచ్చిమిరపకాయలు.

"అది నిమ్మకాయ బాబూ. దిష్టికి కట్టాం."

"నిమ్మకాయేనని నాకూ తెలుసు సార్. కానీ మా సిస్టమ్‌లో నిమ్మకాయ అనే ఆప్షన్ లేదు. పార్ట్, యాక్సెసరీ, మాడిఫికేషన్, డ్యామేజ్ - ఈ నాలుగే ఉన్నాయి. డ్యామేజ్ అంటే మీరు ఇబ్బంది పడతారని యాక్సెసరీ అని పెట్టాను." అతని గొంతులో సాయం చేసిన తృప్తి వినబడింది. "పెట్టగానే సిస్టమ్ లాక్ అయింది. పద్నాలుగో నిబంధన సార్. కంపెనీ సరఫరా చెయ్యని ఏ వస్తువు బండికి తగిలించినా వారంటీ సస్పెండ్ అవుతుంది."

"గేర్‌బాక్స్ ఎక్కడుంది, నిమ్మకాయ ఎక్కడుంది?"

"రెండూ కారుకే ఉన్నాయి కదా సార్."

నాగభూషణం పెళ్ళిళ్ళలో వియ్యాలవారి గొడవలు తీర్చిన మనిషి. తగువు పెరగకుండా తుంచెయ్యడం తెలుసు. వంగి, దారం పుటుక్కున తెంపి, నిమ్మకాయను ప్రహరీ అవతలికి విసిరేశాడు.

"పీడ వదిలింది. ఇక గేర్‌బాక్స్ చూడండి."

ప్రణవ్ ముఖం పాలిపోయింది. "సార్, మీరు ఇప్పుడు చేసినదాన్ని ట్యాంపరింగ్ అంటారు. ఆ యాక్సెసరీని సర్టిఫైడ్ టెక్నీషియన్ తియ్యాలి. తీసేముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో. ఇప్పుడు తియ్యడానికి అక్కడేమీ లేదు."

"లేదు కాబట్టి గొడవ లేదుగా?"

"లేదు కాబట్టే గొడవ సార్. ఉన్నదాన్ని తీసెయ్యడానికి ప్రొసీజర్ ఉంది. లేనిదాన్ని తీసెయ్యడానికి లేదు. మీరు మళ్ళీ కట్టించుకొస్తే, మేం పద్ధతి ప్రకారం తీసేస్తాం."

గేటు బయట బండి మీద ఒకావిడ నిమ్మకాయలు, మిరపకాయలు దారానికి గుచ్చి అమ్ముతోంది. నాగభూషణం ఒక దండ కొని, మోకాళ్ళ మీద కూర్చుని, పాతది ఉన్న చోటే కట్టాడు. టెక్నీషియన్ చేతులకు తొడుగులు వేసుకుని వచ్చాడు. ప్రణవ్ ఫొటో తీశాడు. పాత ఫొటో పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

"సార్, మొదటి ఫొటోలో మిరపకాయలు ఏడు. ఇందులో ఐదే ఉన్నాయి."

"రేటు పెరిగిందని ఆవిడ ఐదే గుచ్చింది బాబూ."

"అది మీ వెర్షన్ సార్. మిగతా రెండూ ఇంజిన్ లోపలికి వెళ్ళి ఉండొచ్చన్న కోణాన్ని మేం కొట్టిపారెయ్యలేం."

అలా కేసు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత మొదట చెప్పిన ఉత్తరం వచ్చింది.

* * *

పెళ్ళికి ఇరవై నాలుగు రోజులు.

ప్రాంతీయ వారంటీ పరిరక్షణాధికారి పేరు ఆచంట విశ్వమోహన్. కంపెనీ వారంటీని కస్టమర్ల నుంచి పరిరక్షించడం ఆయన ఉద్యోగం. గదిలో పెద్ద బల్ల, బల్ల మీద గాజు గ్లాసు, గ్లాసు నీళ్ళలో తేలుతూ ఒక నిమ్మకాయ.

నాగభూషణం దానికేసి చూశాడు. విశ్వమోహన్ ఆ చూపు గమనించాడు.

"అది ఫర్నిచర్," అన్నాడు. "వారంటీ పరిధిలోకి రాదు. కూర్చోండి."

నాగభూషణం కూర్చున్నాడు.

"నాగభూషణం గారూ, కస్టమర్ల విశ్వాసాలను మా సంస్థ శిరసావహిస్తుంది. అదే సమయంలో ఇంజనీరింగ్ విలువల విషయంలో రాజీ పడదు. ఈ రెంటి మధ్య సమతుల్యత సాధించే దిశగా ఒక ఫారం తయారు చేశాం. మీరు చెప్పండి, నేను నింపుతాను. భాగం చేసే పని?"

"దిష్టి తగలకుండా చూసుద్ది."

"అంటే రక్షణ. పనిచేసే విధానం?"

"అది నాకు తెలవదండీ. కడతాం, అంతే."

"జీవితకాలం?"

"శనివారం నుంచి శనివారం దాకా."

"పాత భాగాన్ని ఏం చేస్తారు?"

"నాలుగు రోడ్లు కలిసేకాడ పారేస్తాం. ఎవరూ తొక్కకూడదు."

విశ్వమోహన్ కలం ఆగింది. గొంతు తగ్గించాడు. "తొక్కితే?"

"మన దిష్టి వాళ్ళకి పోద్ది."

"ప్రమాదకర వ్యర్థం," అని ఆయన పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. తర్వాత ఫారం మూసి, వేళ్ళు జోడించాడు. "మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కేవలం యాక్సెసరీ కాదు. ఇది భద్రతా పరికరం. మా కారుకు మీరు బయటి భద్రతా పరికరం అమర్చారు. ఇప్పుడు ఒక మౌలిక ప్రశ్న. ఇది పని చేస్తుందని మీరు నమ్ముతున్నారా, లేదా?"

నాగభూషణం జాగ్రత్తగా ఆలోచించాడు. "నమ్ముతాననే అనుకోండి."

"అయితే కారుకు నష్టం జరగడానికి వీల్లేదు. జరగని నష్టానికి క్లెయిమ్ రాదు."

"పోనీ, నమ్మను."

"అయితే పని చెయ్యని భద్రతా పరికరాన్ని తెలిసి తెలిసీ అమర్చారన్నమాట. అది నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికి క్లెయిమ్ రాదు."

"మరి ఏమంటే వస్తదండీ?"

"ఆ దిశగా ఇంకా మార్గదర్శకాలు రాలేదు," అన్నాడు విశ్వమోహన్ సానుభూతిగా.

* * *

నాగభూషణం ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు. సామ్రాజ్యం లేచి వెళ్ళి, హాల్లో గోడకు వేలాడుతున్న పెద్ద ఫొటో దింపి తెచ్చింది. కారు అప్పగించిన రోజు షోరూం వాళ్ళు తీసి, చట్రం కట్టించి ఇచ్చిన ఫొటో. నాగభూషణం చేతిలో గడపంత అట్ట తాళంచెవి, సామ్రాజ్యం చేతిలో పూలగుత్తి.

"మీరు మిమ్మల్నే చూసుకుంటారు. కిందికి చూడండి."

కింద, కారు ముందు, కంపెనీ చొక్కా వేసుకున్న ఒక కుర్రవాడు గొంతుక్కూర్చుని బంపర్‌కు ఏదో కడుతున్నాడు. నల్లదారం. నిమ్మకాయ. మిరపకాయలు ఏడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పక్కన పళ్ళెంలో కర్పూరం, కొబ్బరికాయ. పళ్ళెం మీద కూడా వాల్డెన్‌బర్గ్ గుర్తు.

"మనం కట్టలేదండీ. వాళ్ళే కట్టారు."

మర్నాడు ఆమె కూడా బెజవాడ వచ్చింది. ఫొటోను విశ్వమోహన్ బల్ల మీద, గ్లాసు పక్కన పెట్టింది. ఆయన భూతద్దం తెప్పించుకున్నాడు. ఫొటోను ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు.

"ఇది మా డెలివరీ అనుభూతి విభాగం పని," అన్నాడు చివరికి. "చక్రాల కింద నాలుగూ తొలి భారపరీక్షలో భాగం. అవి అక్కడికక్కడే వినియోగమయ్యాయి. కానీ ముందు కట్టినది..." ఆయన లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీరు చెప్పింది నిజం. ఇది బయటి భాగం కాదు. కంపెనీ అమర్చిన భాగం. జెన్యూన్ పార్ట్. పద్నాలుగో నిబంధన మీకు వర్తించదు."

నాగభూషణం భార్య వంక గర్వంగా చూశాడు.

"ఇరవై రెండో నిబంధన వర్తిస్తుంది," అన్నాడు విశ్వమోహన్ కూర్చుంటూ. "కంపెనీ భాగాలను నిర్ణీత కాలంలో అధీకృత కేంద్రంలోనే మార్పించాలి. ఈ భాగాన్ని ప్రతి శనివారం మార్చాలని మీవారే ఫారంలో చెప్పారు. రెండు శనివారాలు గడిచాయి. ఎక్కడ మార్పించారు?"

"తెనాలి మార్కెట్టు ముందు," అన్నాడు నాగభూషణం సన్నగా.

"అంటే జెన్యూన్ నిమ్మకాయ తీసేసి, బజారు నిమ్మకాయ వేశారు."

"ఏమయ్యా," అంది సామ్రాజ్యం, "మీరు కట్టింది మాత్రం ఏ చెట్టున కాసిందో చెప్పు."

"దాని మూలం గురించి వ్యాఖ్యానించే అధికారం నాకు లేదమ్మా. పై ఆఫీసుకు రాస్తాను."

పెళ్ళికి ఇరవై మూడు రోజులు.

* * *

పై ఆఫీసు సముద్రాల అవతల ఉంది. అక్కడి ఇంజనీర్లు విశ్వమోహన్ నివేదికను శ్రద్ధగా చదివారు. ఈ దేశంలో తమ కారుకు ముందు భాగంలో ఒక భద్రతా పరికరం కడుతున్నారనీ, దాన్ని వారానికోసారి మార్చాలనీ, తమకు తెలియకుండా ఇంత వ్యాపారం బయట బండ్ల మీద జరిగిపోతోందనీ వాళ్ళకు మొదటిసారి తెలిసింది. అర్జంటుగా సమావేశం వేశారు. నిమ్మకాయకు పన్నెండంకెల పార్ట్ నంబరు వచ్చింది. మిరపకాయలకు వేరే నంబరు, దారానికి వేరే నంబరు.

దేశంలోని వాల్డెన్‌బర్గ్ యజమానులందరికీ మెసేజ్ వెళ్ళింది: 'మీ వాహన భద్రత మా ప్రాధాన్యం. ప్రతి శనివారం మీ దగ్గరి అధీకృత కేంద్రంలో నిమ్మ సర్వీసు చేయించుకోండి. చేయించుకోనివారి వారంటీకి మేం బాధ్యులం కాము.'

మొదటి శనివారం బెజవాడ సర్వీస్ సెంటర్ ముందు కార్లు బెంజి సర్కిల్ దాకా నిలబడ్డాయి. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, ఒక మాజీ మేయరు కార్లలో కూర్చుని టోకెన్లు పట్టుకుని ఎదురుచూశారు. టెక్నీషియన్లందరినీ మూడు రోజుల శిక్షణకు పంపారు. మొదటి స్థాయి పాసైనవాళ్ళు దారం ముడి వెయ్యవచ్చు. రెండో స్థాయి పాసైతేనే మిరపకాయ ముట్టుకోవాలి. గేర్‌బాక్సులు విప్పడం తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకడున్నాడు. ముడి వదులుగా వేస్తున్నాడని అతన్ని మొదటి స్థాయిలోనే తప్పించారు. అతను అలిగి సెలవు పెట్టాడు.

రిపేరు పనులన్నీ ఆగిపోయాయి. నిమ్మ సర్వీసుకు చోటు చాలక, రిపేరుకొచ్చిన కార్లన్నిటినీ ఎవరి ఇళ్ళకు వాళ్ళవి పంపేశారు. నాగభూషణం కారు కూడా లారీ ఎక్కి తెనాలి వచ్చి, టెంట్ హౌస్ పక్కన, కుర్చీల దొంతరల మధ్య నిలబడింది.

"గేర్‌బాక్స్ మార్చడానికి కంపెనీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది సార్," అన్నాడు ప్రణవ్ ఫోన్‌లో. "గేర్‌బాక్స్ కూడా స్టాకులో ఉంది. కారును ముందు ఒరిజినల్ కండిషన్‌కి తేవాలి. అంటే జెన్యూన్ నిమ్మకాయ కట్టాలి. అది రాగానే పని మొదలు."

"ఎప్పుడొస్తది?"

"బయల్దేరింది సార్."

నిమ్మకాయ ప్రయాణం గురించి నాగభూషణానికి తర్వాత తెలిసింది. కంపెనీ కొనుగోలు విభాగం మంచి నిమ్మ కోసం దేశమంతా గాలించి తెనాలి నిమ్మ మార్కెట్‌ను ఎంపిక చేసింది. నాగభూషణం ఇంటికి ఆ మార్కెట్ నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ బస్తాల్లో ఎక్కించిన కాయలు మద్రాసు పోయి, విమానమెక్కి, సముద్రాలు దాటి, ప్రధాన గిడ్డంగిలో దిగుతాయి. ఒక్కోదాని చుట్టుకొలత తీస్తారు. గుండ్రం తక్కువైనవి ఏరేస్తారు. మిగిలినవాటికి గుర్తు అతికించి, నురగ పెట్టెల్లో పెట్టి, మళ్ళీ విమానంలో పంపుతారు.

"మన మార్కెట్లో నిన్న కాయలన్నీ ఎవరో సూటు మనిషి కొనుక్కుపోయాడంట," అంది సామ్రాజ్యం ఒకరోజు నిమ్మకాయ పులిహోర మాట మానేసి పప్పు వండుతూ. "పెళ్ళి పన్నెండు రోజుల్లోకొచ్చింది. ట్రాలీ ఆటోకి గాలి కొట్టించమంటారా?"

ఆమె కోపంగా అడగలేదు. మామూలుగా అడిగింది. అదే నాగభూషణానికి అన్నం దిగకుండా చేసింది.

ఆయన రోజూ బెజవాడ ఫోన్ చేశాడు. నిమ్మకాయ గిడ్డంగిలో ఉంది. నిమ్మకాయ కొలతల్లో ఉంది. నిమ్మకాయ గాలిలో ఉంది. పెళ్ళికి రెండు రోజులుందనగా నిమ్మకాయ బెజవాడలో దిగింది. నాగభూషణం ఆదరాబాదరా వెళ్ళాడు. ప్రణవ్ తెల్లటి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, మూడు ముద్రలు తెంపి మూత తీశాడు. లోపల, నురగలో, గోలీకాయంత గోధుమరంగు వస్తువు ఉంది. ఎండిపోయి గట్టిపడింది. పక్కన పత్రం: 'తాజాదనం హామీ.'

"కట్టేద్దాం బాబూ, త్వరగా."

"మిరపకాయలు రావాలి సార్."

"అవేవీ?"

"వేరే పార్సిల్ సార్. విదేశాల నుంచి వచ్చిన వ్యవసాయ ఉత్పత్తి కాబట్టి ఓడరేవులో ఆపారు. తెగుళ్ళు లేవని ధ్రువపత్రం కావాలంటున్నారు." ప్రణవ్ తల దించుకున్నాడు. పాపం, అతనికీ ఈ ఉద్యోగంలో ఇలాంటివి చెప్పాల్సి వస్తుందని ఎవరూ ముందు చెప్పలేదు. "నిమ్మకాయ ఒక్కటే కడితే అసంపూర్ణ అమరిక అవుతుంది సార్. వారంటీకే ప్రమాదం."

* * *

ఆ సాయంత్రం నాగభూషణం కుర్చీల దొంతర మీద కూర్చుని, ట్రాలీ ఆటో తాళాలు చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. సామ్రాజ్యం కళ్ళజోడు పెట్టుకుని గడప మీద వారంటీ పుస్తకం చదువుతోంది. టెంట్ హౌస్ రసీదులు ఎలా చదువుతుందో అలాగే, ప్రతి గీత కింద వేలు పెట్టి.

"ఏవండీ, డెబ్బై ఒకటో పేజీ చదివారా?"

"నేను మొదటి పేజీనే చదవలా."

ఆమె పైకి చదివింది. "రిపేరు కోసం వేచి ఉన్న కాలంలో, కదలని స్థితిలో ఉన్న వాహనాన్ని, కస్టమర్ కోరిన ప్రదేశానికి, ప్రయాణికులతో సహా, నూటఇరవై కిలోమీటర్ల వరకు ఉచితంగా చేరవేయడం సంస్థ బాధ్యత. ఎన్నిసార్లయినా." కళ్ళజోడు తీసింది. "బాపట్ల ఎంత దూరం?"

నాగభూషణం తల ఎత్తాడు.

పెళ్ళిరోజు పొద్దున ఏడింటికి కంపెనీ లారీ వచ్చింది. ఫోన్ చేసి సరిగ్గా నలభై నిమిషాలు. డ్రైవర్ సుభానీ కారును బల్ల మీదికి ఎక్కించి తాళ్ళు బిగించాడు.

"క్యాబిన్లో ఒకరికే చోటుందమ్మా. ఇద్దరెట్టా?"

"మేం కార్లోనే కూర్చుంటాం," అంది సామ్రాజ్యం. ఆకుపచ్చ కంచిపట్టు, మెడలో రెండు వరసల గొలుసు, తలలో మల్లెపూలు. "పుస్తకంలో ప్రయాణికులతో సహా అని ఉంది. ఎక్కడ కూర్చోవాలో రాయలేదు."

సుభానీ పుస్తకం తీసుకుని చదివి, తిరిగి ఇచ్చేశాడు. "రాయలేదమ్మా," అని ఒప్పుకున్నాడు.

ఎక్కబోతూ ఆమె లారీ ముందుకు చూసింది. బంపర్ కింద నల్లదారం, బంగారు రంగు నిమ్మకాయ, నిగనిగలాడే ఏడు పచ్చిమిరపకాయలు.

"ఇదెవరు కట్టారు నాయనా?"

"విశ్వమోహన్ సారేనమ్మా. ప్రతి శనివారం ఆయన చేత్తోనే కడతాడు. ఇది లేకుండా బండి గేటు దాటనియ్యడు."

"మరి దీని వారంటీ పోదా?"

"దీనికి వారంటీ యాడుందమ్మా? అందుకేగా నిమ్మకాయ."

లారీ కదిలింది. కారులో ఇంజిన్ తిరుగుతోంది, ఏసీ చల్లగా వస్తోంది, పాటలు వినబడుతున్నాయి. ఊళ్ళు, పొలాలు, ఆటోల కప్పులు అన్నీ కింద ఉన్నాయి. బస్సు కిటికీల్లోంచి జనం మెడలు బయటపెట్టి చూశారు. సామ్రాజ్యం చీర కొంగు సర్దుకుని, ఇన్నేళ్ళూ ట్రాలీ ఆటోలో కనబడని దేశాన్ని పైనుంచి చూస్తూ కూర్చుంది. పొన్నూరు దాటాక నాగభూషణం ఫోన్ మోగింది. మెసేజ్: 'శుభవార్త. మీ మిరపకాయలు విడుదలయ్యాయి. సంఖ్య: ఆరు.' ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

బాపట్ల కల్యాణ మండపం ముందు లారీ ఆగేసరికి మేళం ఆగిపోయింది. ఎదురు సన్నాహానికి నిలబడ్డ ఆడవాళ్ళు పన్నీరు బుడ్లు పట్టుకుని పైకి చూశారు. అంత ఎత్తున, నల్లగా మెరుస్తూ, తోరణానికి తగిలేంత దగ్గరగా, వాల్డెన్‌బర్గ్ కారు. లోపల సామ్రాజ్యం, దేవుడి వాహనం మీద కూర్చున్నంత నిబ్బరంగా ఉంది.

గుమ్మం దగ్గర కుర్చీలో కోటయ్య ఉన్నాడు. సామ్రాజ్యానికి బాబాయి వరస. ఎనభై దాటాయి, చూపు ఆనదు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఆయనకు లారీ ఒక్కటే కనబడింది.

"ఎవరూ, సామ్రాజ్యమా?" అన్నాడు కేకేసి. "ఎంతసేపమ్మా రావడం? కుర్చీలు దించారా?"

నాగభూషణం కళ్ళు మూసుకున్నాడు. ఇరవై లక్షల కారు, తొంభై ఆరు పేజీల వారంటీ, సముద్రాలు దాటొచ్చిన నిమ్మకాయ, అన్నీ ఆ ఒక్క మాటలో బూడిదైనట్టనిపించింది.

పక్కన అద్దం కిందికి దిగిన చప్పుడైంది.

"కుర్చీలు లేవు బాబాయ్," అంది సామ్రాజ్యం. "ఇవాళ దించాల్సింది నన్నే. నిచ్చెన తెప్పించు."

నవ్వులు లేచాయి. అన్నయ్య, వదిన పరుగున వచ్చారు. "వచ్చావా తల్లీ, బాగున్నావా," అంటూ వదిన కిందనుంచే చేతులు చాచింది. ఎవరో మండపం వెనక్కి పోయి అల్యూమినియం నిచ్చెన తెచ్చి లారీకి ఆనించారు. బంధువులంతా కింద నిలబడి చూస్తుండగా సామ్రాజ్యం కారు తలుపు తీసి, కుచ్చిళ్ళు పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నాలుగో మెట్టు మీద ఆగిపోయింది.

నిచ్చెన పక్క కడ్డీ మీద, సగం చెరిగిన ఎర్ర రంగులో, తన పేరుంది.

ఆమె దాన్ని వేలితో ఒకసారి తుడిచింది. మిగతా మెట్లు దిగి, పన్నీరు చల్లించుకుని, బొట్టు పెట్టించుకుంది. మండపంలోకి అడుగుపెడుతూ, వెనక వస్తున్న భర్త వైపు కొంచెం వంగింది.

"పోయేటప్పుడు గుర్తుచెయ్యండి," అంది మెల్లగా. "లారీ ఎట్టాగూ ఉంది."